డ్రైయర్ గంటలో ఆరబెట్టే బట్టలకు రెండున్నర గంటలు తీసుకుంటోంది: హీటర్ కాయిల్ మార్చాల్సిందేనా?

ప్రశ్న

మా ఇంట్లో ఉన్నది తేమ గాలిని గొట్టం గుండా గోడ బయటికి పంపే రకం విద్యుత్ డ్రైయర్. హీటరు 2000 వాట్లదని, 230 వోల్టుల మీద నడుస్తుందని తలుపు అంచున అంటించిన పట్టీ మీద రాసి ఉంది. కొన్న తరువాత ఐదేళ్ళ పాటు నాలుగు కిలోల నూలు బట్టలు వేస్తే గంటలోపే పొడిగా చేతికి వచ్చేవి. గడిచిన ఏడాదిగా ఆ సమయం కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చి, ఇప్పుడు అవే బట్టలకు రెండున్నర గంటలు పడుతోంది. ఒక్క రోజులో వచ్చిన మార్పు కాదు కాబట్టి ఎప్పుడు మొదలైందో కచ్చితంగా చెప్పలేను.

డ్రమ్ము మామూలుగానే తిరుగుతోంది, వేడీ పుడుతోంది. మధ్యలో తలుపు తెరిచి చూస్తే బట్టలు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి కానీ, జీన్స్ నడుము పట్టీ, జేబుల అడుగులు, తువ్వాళ్ళ అంచులు తడిగానే ఉంటాయి. యంత్రం పైభాగం కూడా మునుపటికన్నా ఎక్కువ కాలుతోంది. నూగు పట్టే జల్లెడను ప్రతిసారీ దులుపుతూనే ఉన్నాను, కాబట్టి లోపం అక్కడ ఉండదనే అనుకుంటున్నాను.

ఒక మెకానిక్ వచ్చి, యంత్రాన్ని విప్పకుండానే, పాతబడిన కొద్దీ హీటర్ కాయిల్ బలహీనపడుతుందని, దాన్ని మార్చాలని చెప్పి వెళ్ళారు. కొత్తది తెప్పించే ముందు ఆ మాట నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉందా? నా దగ్గర మల్టీమీటర్ ఉంది. స్క్రూలు విప్పి బిగించడం వచ్చు. అంతకు మించిన అనుభవం లేదు.

మొదటి సమాధానం

మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉందండి. బట్టలు వేడిగా ఉండి తడి వదలడం లేదంటే వేడికి లోటు లేదు, ఆ తడిని మోసుకుని బయటికి వెళ్ళాల్సిన గాలికే దారి దొరకడం లేదు. అదే బట్టలు గోరువెచ్చగానో చల్లగానో ఉండి తడిగా మిగిలితే, అప్పుడు హీటరును అనుమానించాలి. పాతబడిన కొద్దీ కాయిల్ బలహీనపడుతుందన్న మాటను నేను ఒప్పుకోను. అది తీగ. తెగనంత కాలం ఇంచుమించు మొదట్లో ఇచ్చిన వేడినే ఇస్తుంది, తెగిన రోజున పూర్తిగా చల్లబడుతుంది. దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని యంత్రాల్లో రెండు కాయిళ్ళు పక్కపక్కనే ఉంటాయి, వాటిలో ఒకటి తెగితే సగం వేడి మాత్రమే వస్తుంది. అయితే అది ఒక్కసారిగా కనిపించే మార్పు, మీరు చెప్పినట్టు ఏడాది పొడుగునా నెమ్మదిగా పెరిగేది కాదు.

గాలి తగ్గితే ఆరడం ఎందుకు ఇంత ఆలస్యమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. హీటరు పక్కన ఒక రక్షణ థర్మోస్టాట్ ఉంటుంది. గాలి ధారాళంగా పోతున్నప్పుడు కాయిల్ వేడి ఎప్పటికప్పుడు డ్రమ్ములోకి వెళ్ళిపోతుంది కాబట్టి ఆ థర్మోస్టాట్‌కు పెద్దగా పని ఉండదు. గాలి మందగించినప్పుడు వేడి కాయిల్ చుట్టూనే నిలిచిపోయి, థర్మోస్టాట్ కరెంటును ఆపేస్తుంది, చల్లారాక మళ్ళీ ఇస్తుంది, మళ్ళీ ఆపుతుంది. గంట సేపు తిరిగిన యంత్రంలో హీటరు నిజంగా వెలిగింది ఏ ఇరవై నిమిషాలో అయి ఉండవచ్చు. పైభాగం కాలడం, బట్టలు వేడెక్కడం, తడి పోకపోవడం, మూడూ ఒకే కారణం వల్ల జరుగుతాయి. ఇప్పుడు మీరు కొత్త కాయిల్ వేసినా ఆ థర్మోస్టాట్ దాన్నీ ఇలాగే ఆపుతుంది. ఇదే స్థితి కొనసాగితే ఏదో ఒక రోజు థర్మల్ ఫ్యూజు పోతుంది. అది ఒకసారి పోతే తిరిగి అతుక్కునేది కాదు, మార్చాలి. దాని రెండు కొసలనూ తీగతో కలిపేసి నడిపించే వారిని చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు, నూగు నిండిన పెట్టెలో నిప్పు పుట్టకుండా చివరి వరకు కాపలా కాసేది అదొక్కటే.

ఇక వెతకాల్సిన చోట్లు. మొదటిది మీరు లోపం లేదనుకుంటున్న జల్లెడే. నూగు దులిపినంత మాత్రాన అది శుభ్రపడినట్టు కాదు. బట్టలు మెత్తబడటానికి డ్రైయర్‌లో వేసే కాగితాలు, ఉతికేటప్పుడు పోసే సాఫ్ట్‌నర్ కంటికి కనిపించని జిగురు పొరను దాని మీద పేరుస్తాయి. జల్లెడను పంపు కింద అడ్డంగా పట్టుకుని నీళ్ళు పోసి చూడండి. నీళ్ళు జారిపోకుండా పళ్ళెంలో లాగా నిలబడితే గాలికీ అదే గతి పడుతోందన్నమాట. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్షు చాలు. పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పెట్టండి. జల్లెడ దిగే గాడి లోపల కూడా నూగు పేరుకుంటుంది, దాన్ని వాక్యూమ్ క్లీనర్ సన్న మూతితో లాగాలి.

రెండోది గొట్టం. యంత్రాన్ని ముందుకు జరిపి, గోడకూ యంత్రానికీ మధ్య అది నలిగి ఉందేమో చూడండి. మడతలు పడే పలుచని రేకు గొట్టమైనా ప్లాస్టిక్ గొట్టమైనా తీసేసి, నున్నటి గట్టి లోహపు గొట్టం వేసుకోవడం మేలు. ముడతల గొట్టంలో ప్రతి ముడతా నూగు పట్టే అరే. వ్యాసం సాధారణంగా 100 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని ఎక్కడా తగ్గించకూడదు. లంబకోణంలో (90 డిగ్రీలు) తిరిగే ప్రతి వంపునూ సుమారు ఒకటిన్నర మీటర్ల తిన్నని గొట్టంతో సమానంగా లెక్కవేస్తారు కాబట్టి, చూడటానికి పొట్టిగా ఉన్న గొట్టం కూడా మూడు నాలుగు వంపులు తిరిగితే గాలికి చాలా పొడుగైపోతుంది. అతుకుల దగ్గర స్క్రూలు బిగిస్తే వాటి మొనలు లోపలికి పొడుచుకువచ్చి నూగును పట్టేస్తాయి, అక్కడ అల్యూమినియం రేకు టేపు చుట్టాలి.

మూడోది గోడ బయట ఉండే మూత. డ్రైయర్ నడుస్తున్నప్పుడు బయటికి వెళ్ళి చూడండి. దాని రెక్క పూర్తిగా లేచి, చేతికి గట్టిగా గాలి తగలాలి. ఆ గాలి నిట్టూర్పులా వస్తుంటే దారిలో ఎక్కడో అడ్డు ఉంది.

ఇదంతా విప్పే ముందు కాయిల్ సంగతి ఒక్కసారి తేల్చుకోవాలనుకుంటే ఒక సులువైన పరీక్ష ఉంది. గొట్టాన్ని యంత్రం వెనుక నుంచి ఊడదీసి, కిటికీలు తెరిచి, మామూలుగా వేసే బట్టలతో ఒక్క విడత నడపండి. గదిలోకి తేమా నూగూ వస్తాయి కాబట్టి ఇది పరీక్షకు మాత్రమే, అలవాటుగా చేసేది కాదు. సమయం బాగా తగ్గితే లోపం గొట్టంలో ఉంది. తగ్గకపోతే యంత్రం లోపల ఉంది. ఈ పరీక్ష విద్యుత్ యంత్రాలకే. గ్యాసుతో నడిచే డ్రైయర్‌ను గొట్టం తీసి ఒక్క నిమిషం కూడా నడపకూడదు, కాలిన గ్యాసుతో పాటు కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి వస్తుంది.

రెండో సమాధానం

మా ఇంట్లో ఇదే సమస్య వస్తే డ్రమ్ము లోపల ఉండే తేమ సెన్సార్ల పట్టీలను తుడిచాక సర్దుకుంది. తలుపు దగ్గర, జల్లెడ పక్కన రెండు లోహపు పట్టీలు కనిపిస్తాయి. వాటిని స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచి చూడండి.

మొదటి సమాధానం ఇచ్చినవారు

తుడవడం మంచిదే, నష్టం లేదు. కానీ ఆ పట్టీల మీద పొర పేరుకుంటే సాధారణంగా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. తడి బట్ట రెండు పట్టీలకూ ఒకేసారి తగిలినప్పుడు వాటి మధ్య కొద్దిగా కరెంటు ప్రవహిస్తుంది, దాన్ని బట్టే ఇంకా తేమ ఉందని యంత్రం తెలుసుకుంటుంది. పొర అడ్డుపడితే తడి బట్ట కూడా పొడి బట్టలా కనిపించి, యంత్రం పని పూర్తికాకుండానే ఆగిపోతుంది. అలా ఆగిన ప్రతిసారీ మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టడం వల్ల మొత్తం ఎక్కువ సమయం పట్టినట్టు మీకు అనిపించి ఉండవచ్చు. ప్రశ్న అడిగినవారి యంత్రం ఆగడం లేదు, ఏకధాటిగా తిరుగుతూనే ఉంది.

మూడో సమాధానం

గాలి గురించి పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను. అయితే నీళ్ళ గురించి ఇంతవరకు ఎవరూ అడగలేదు. డ్రైయర్ పని బట్టల్లోని నీటిని ఆవిరి చేయడం కాబట్టి, ఎంత నీరు లోపలికి వెళుతోందో తెలియకుండా ఎంత సమయం పట్టాలో చెప్పలేము.

దీన్ని కొలవడం తేలిక. పొడిగా ఉన్న బట్టలను ఒకసారి తూచండి, ఉతికి పిండిన తరువాత అవే బట్టలను మళ్ళీ తూచండి. బట్టల బుట్ట పట్టుకుని మనుషులు బరువు చూసుకునే యంత్రం మీద నిలబడి, మీ బరువునూ బుట్ట బరువునూ తీసేస్తే చాలు. తేడా ఎన్ని కిలోలుంటే అన్ని లీటర్ల నీరు. వాషింగ్ మెషీన్ నిమిషానికి 1400 చుట్లు తిరిగి పిండితే నూలు బట్టల్లో వాటి పొడి బరువులో దాదాపు సగం నీరు మిగులుతుంది. 800 చుట్లకే ఆపితే అది 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 0.67 యూనిట్ల విద్యుత్తు కావాలి. మీ హీటరు గంటకు 2 యూనిట్లు ఇస్తుంది. అంటే ప్రతి లీటరుకూ కనీసం 20 నిమిషాలు, దానికి తోడు బట్టలూ డ్రమ్మూ వేడెక్కడానికీ, గోడల నుంచి పోయే వేడికీ మరో పాతిక శాతం కలుపుకోవాలి. నాలుగు కిలోల బట్టల్లో రెండు లీటర్ల చిల్లర నీరుంటే గంటలోపు ఆరడం న్యాయమే. మూడు లీటర్లుంటే గంటా పావు కన్నా ముందు ఆరమని ఏ యంత్రాన్నీ అడగలేము.

నీటిని పిండి తీయడానికి అయ్యే కరెంటు, అదే నీటిని వేడి చేసి ఆవిరిగా తీయడానికి అయ్యేదానిలో చాలా చిన్న వంతు. కాబట్టి బట్ట తట్టుకునేంత వరకు వాషింగ్ మెషీన్ చేతనే ఎక్కువ నీటిని తీయించాలి. మరో మాట: దుప్పట్లు, పరుపు గలీబులు వేసేటప్పుడు మధ్యలో ఒకసారి ఆపి విడదీయండి. పెద్ద దుప్పటి తిరిగి తిరిగి మూటలా చుట్టుకుని, లోపల నాలుగు మేజోళ్ళనూ ఒక చేతిరుమాలునూ దాచుకుంటుంది. పైపొర పెళపెళలాడుతూ ఉన్నా ఆ మూట విప్పితే లోపల వాషింగ్ మెషీన్ నుంచి తీసినంత తడిగానే ఉంటాయి. డ్రమ్మును నిండా కుక్కడం గురించి వేరే చెప్పనక్కరలేదు, బట్టలు పైకి లేచి కింద పడటానికి చోటుండాలి.

నాలుగో సమాధానం

ఈ చర్చను ఇతర రకాల డ్రైయర్లు ఉన్నవారు కూడా చదువుతారు కాబట్టి, వారికి కొన్ని మాటలు.

గొట్టం లేకుండా, నీటిని డబ్బాలోకి పట్టే కండెన్సర్ రకం యంత్రాల్లో గాలి లోపలే తిరుగుతుంది. అడుగున ఉండే కండెన్సర్ పెట్టెను బయటికి లాగి పంపు కింద కడగాలి, దాని సందుల్లో నూగు బురదలా పేరుకుంటుంది. ఈ యంత్రం తేమ గాలిని చల్లబరచడానికి గదిలోని గాలినే వాడుకుంటుంది. అందుచేత తలుపులు మూసిన ఇరుకు గదిలో నడిపితే గది వేడెక్కి, నీరు పట్టడం తగ్గి, ఆరే సమయం పెరుగుతుంది. తలుపు తెరిచి ఉంచడం ఒక్కటే మందు అయిన ఇళ్ళు చాలా ఉన్నాయి.

గాలి నుంచి తీసిన వేడినే తిరిగి వాడుకునే హీట్ పంప్ రకం యంత్రం సహజంగానే తక్కువ వేడితో, తక్కువ కరెంటుతో నడుస్తుంది. నిండుగా వేస్తే రెండు మూడు గంటలు తీసుకోవడం దాని స్వభావమే కానీ జబ్బు కాదు. మునుపటికన్నా పెరిగితే మాత్రం లోపలి పలుచని లోహపు రేకుల వరుసను చూడాలి. మెత్తటి బ్రష్షుతో రేకుల వెంట పైనుంచి కిందికి తుడవాలి. అడ్డంగా తుడిస్తే అవి వంగిపోతాయి, వాటి అంచులు వేళ్ళను కోస్తాయి కూడా. అన్ని నమూనాల్లోనూ ఆ భాగం మన చేతికి అందదు, కొన్నింటిలో అది తనంతట తానే కడుక్కుంటుంది.

గ్యాసు యంత్రాల్లో ఒక ప్రత్యేకమైన లోపం ఉంది. మొదటి కొన్ని నిమిషాలు మంట బాగానే వెలుగుతుంది, ఒకసారి ఆరాక తిరిగి అంటుకోదు, డ్రమ్ము మాత్రం చల్లగాలితో తిరుగుతూనే ఉంటుంది. వెలిగించే భాగం ఎర్రబడి, మంట రాకుండానే మళ్ళీ ఆరిపోతుంటే, గ్యాసు వాల్వును తెరిచే విద్యుత్ చుట్టలు వేడికి పనిచేయడం మానేశాయని అనుమానించాలి. ఆ పని గ్యాసు తెలిసినవారికే వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు

ఈ వారం రోజుల్లో మీరు చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా చేశాను. ఎవరికైనా ఉపయోగపడుతుందని వరుసగా రాస్తున్నాను.

జల్లెడ మీద నీళ్ళు పోస్తే నిజంగానే నిలబడ్డాయి. ఐదేళ్ళుగా ప్రతిసారీ దులుపుతున్నానన్న నా ధీమా అక్కడే పోయింది. సబ్బుతో రుద్దిన తరువాత నీళ్ళు ధారగా జారాయి కానీ, ఆరే సమయం పావుగంట మాత్రమే తగ్గింది.

తరువాత గొట్టం ఊడదీసి పరీక్షించాను. అవే నాలుగు కిలోల బట్టలు గంటా ఇరవై నిమిషాల్లో ఆరాయి. యంత్రంలో లోపం లేదని అప్పుడే అర్థమైంది. అయినా మనశ్శాంతి కోసం ప్లగ్గు పీకి, కాయిల్ ఒక కొస తీగను విడదీసి మల్టీమీటర్‌తో కొలిచాను, 26 ఓములు చూపించింది. 2000 వాట్ల కాయిల్‌కు ఉండాల్సిన నిరోధం, అంటే 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే వచ్చేది కూడా 26.45. మెకానిక్ గారి మాట విని ఉంటే నిక్షేపంలాంటి కాయిల్‌ను పారేసి ఇంకో కాయిల్ వేసుకునేవాణ్ణి.

గొట్టం ఒకచోట నలిగి ఉంది, నిరుడు ఇల్లు శుభ్రం చేసినప్పుడు యంత్రాన్ని గోడ వైపు గట్టిగా నెట్టినట్టున్నాము. అయితే అసలు దోషి గోడ బయట దొరికింది. పిట్టలు గూడు పెడుతున్నాయని రెండేళ్ళ క్రితం నేనే ఆ మూత వెనుక సన్నటి తీగ వల బిగించాను. ఆ సంగతి పూర్తిగా మరిచిపోయాను. మూత విప్పితే వల కనిపించలేదు. దాని చోట బూడిద రంగు కంబళి ముక్క లాంటిది, వేలెడు మందాన, గుండ్రంగా అచ్చు పోసినట్టు ఉంది. చేత్తో పట్టి లాగితే మొత్తం ఒకే బిళ్ళగా ఊడివచ్చింది. అందులో మా పిల్లల ఎర్ర స్వెటరు నూగు, తువ్వాళ్ళ నీలం నూగు పొరలు పొరలుగా కనిపించాయి. గాలి ఇన్నాళ్ళూ దాని గుండా ఎలా వెళ్ళిందో ఆశ్చర్యమే.

వల తీసేసి, గట్టి గొట్టం వేశాక గంటా పావు దగ్గర నిలిచింది. మునుపటి గంట కన్నా ఇంకా ఎక్కువే ఉందేమిటా అని బట్టలు తూచాను. పొడివి 4.1 కిలోలు, పిండిన తరువాత 6.9 కిలోలు. చప్పుడు ఎక్కువగా ఉందని కొన్ని నెలల క్రితం వాషింగ్ మెషీన్‌ను 800 చుట్లకు తగ్గించి పెట్టిన విషయం అప్పుడు గుర్తొచ్చింది. 1200కు పెంచితే 6.3 కిలోలు తూగాయి, డ్రైయర్ 55 నిమిషాల్లో ముగించింది.

ఇక మిగిలినది పిట్టల సంగతి. వల పెట్టకుండా వాటిని ఎలా ఆపాలి?

మొదటి సమాధానం ఇచ్చినవారు

సన్నటి వల ఎప్పుడూ వద్దు. గాలి ఆగిన వెంటనే పూర్తిగా మూసుకునే రెక్క ఉన్న మూత పెట్టుకోండి. పాత మూత రెక్క అంచున నూగు పేరుకుని సగం తెరిచి ఉండిపోవడం వల్లే పిట్టలు లోపలికి దూరి ఉంటాయి. కొత్తది బిగించాక రెక్కను వేలితో పైకెత్తి వదిలి చూడండి, టక్కున పడాలి. మూడు నెలలకు ఒకసారి, బట్టలు ఆరుతున్న సమయంలో బయటికి వెళ్ళి అది ఎంత లేస్తోందో చూస్తే చాలు.

మూడో సమాధానం ఇచ్చినవారు

2.8 లీటర్లకు గంటా పావు, 2.2 లీటర్లకు 55 నిమిషాలు. రెండూ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి. మీ డ్రైయర్‌తో ఇక చేయాల్సిన పని లేదు. వాషింగ్ మెషీన్ చప్పుడు ఎందుకు చేస్తోందో దాని సంగతి చూడండి, కాళ్ళు సమంగా ఆనుతున్నాయో లేదో ముందుగా పరీక్షించండి.